కొండమీది పంక్తి

ప్రకాశం మేజాను జమ్మలమడుగు సత్రం గడపకు ఇవతలే, వీధివైపు వేశారు. గడపకు అవతల ముంగిలి, ముంగిట్లో మూడు పొయ్యిలు, పొయ్యిల మీద ప్రొద్దుటూరు నుంచి వచ్చిన వంట శేషయ్య గుండిగలు. మూడు దినాల మహాసభకు భోజనాల ఖర్చు, ఆఖరి రోజు గండికోట విహారం ఖర్చు చూసే బాధ్యత ప్రకాశానిది. బియ్యం మూటలు తెప్పించేది అతనే. కట్టెల బండికి బాడుగ ఇచ్చేది అతనే. అయినా ఒక్క మూట విప్పి గింజ చేతిలోకి తీసుకోలేదు. బండి వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, "లోపలికి తోలుకోండి" అని చెయ్యి చూపించి మళ్లీ కూర్చునేవాడు. గడప దాటొద్దని అతనితో ఎవరూ అనలేదు. మేజా వేసిన చోటు చూస్తే తెలిసిపోయింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి మూడో ఏడు నడుస్తోంది. ఊరి పని ఊరివాళ్లే చేతులతో చేసుకోవాలని శ్రమసేవా సంఘం పెట్టారు. పోయిన ఎండాకాలం జమ్మలమడుగు నుంచి గండికోట కొండమీదికి ఉన్న బండ్లబాటను లారీ పొయ్యేటట్టు వెడల్పు చేశారు. అందులో చెయ్యి పెట్టిన వాలంటీర్లు ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు కలిపి తొంభై మంది. మనిషికి రూపాయిన్నర చందా. రూపాయి మూడు దినాల కూటికి, అర్ధరూపాయి లారీకి.

సంఘం అధ్యక్షుడు నారపరెడ్డి మొదటి సభలోనే లేచి, "భోజనాల బాధ్యత ప్రకాశం గారికి అప్పజెప్తున్నాం. మిషన్ బడి అయ్యవారు. సహపంక్తి అంటే ఏందో మన సంఘం చేసి చూపిస్తాది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సభలో 'ప్రకాశం గారు' అన్న మనిషి, మెట్లు దిగి మేజా దగ్గరికి వచ్చేసరికి, "ప్రకాశం, ఆ కట్టెలు పచ్చివి మాదిరుండాయి, చూసుకో" అన్నాడు.

"అట్నే సార్" అన్నాడు ప్రకాశం. అతనికి ఎక్కువగా వచ్చే మాట అదొక్కటే.

కాసేపటికి ఊరి బయటి పాలెం నుంచి గంగమ్మ వచ్చింది. ప్రకాశానికి పెద్దక్క. వెనక పదిమంది ఆడవాళ్లు. బాట పనిలో ఎండాకాలమంతా మన్ను తట్టలు మోసింది వీళ్లే. గంగమ్మ కొంగుముడి విప్పి చిల్లర మేజామీద కుప్ప పోసింది.

"ఎంచుకో అబ్బీ. పదకొండు మందివి. తిరుపాలమ్మది ఒక అణా తక్కువుంటే నేనే ఏసినా."

"ఏసినానని ఊరంతా చెప్పు!" అంది తిరుపాలమ్మ. ముసలిది, నోట్లో రెండు పళ్లు, అవి కూడా ఒకదానికొకటి పడనట్టు దూరదూరంగా ఉంటాయి. "ఒగ అణాకు గండికోట నాకేమన్నా రాసిస్తాదేమో మీ యక్క, అడుగు నాయనా."

"కూడు సంగతి సరే," అంది గంగమ్మ. "మూడోనాడు లారీ మాకుండాదా లేదా? అది చెప్పు."

"ఉండాది. మౌలాలి లారీ రెండు విడతలు పోతాది. రెండో విడతలో మీరు."

"కొండ మలుపు దాకా మన్ను మోసినాం. మలుపుకాడ పని ఆపిచ్చి ఇంటికి పొమ్మన్న్యారు. మలుపు అవతల ఏముండాదో చూడనేలేదు. కోటంట, లోయంట. ఒగసారి చూస్తే సాలు, సచ్చిపోయేలోపల."

"సచ్చేది తర్వాత, ముందు లారీ ఎక్కాల గదా," అంది తిరుపాలమ్మ. "నేను లారీ ఎక్కల్యా ఇంతవరకు. కక్కొస్తాదంట గదా?"

ఆడవాళ్లు నవ్వారు. ప్రకాశం చిల్లర ఎంచి సంచిలో వేశాడు.

ఆ మధ్యాహ్నం తొంభై మందికీ వంట అయింది. అన్నం, కందిపప్పు, వంకాయ కూర, చారు, మజ్జిగ. సత్రం వీధివైపు వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకు విస్తర్లు పరిచారు. నారపరెడ్డి ఐక్యత గురించి మాట్లాడి దిగాడు. దిగీ దిగడంతోనే జనం పలచబడింది. ఒకరికి ఊర్లో మేనత్త ఉంది, పోకపోతే బాధపడుతుంది. ఒకరికి శనివారం ఒక్కపొద్దు. ఒకాయనకు పొద్దున తిన్నది అరగలేదు. పులివెందుల జట్టుకు పెద్ద సాంబిరెడ్డి, వకీలు దగ్గర గుమాస్తా, "మా బావమరిది ఇంట్లో ఎదురుచూస్తాంటారప్పా, రాకుంటే కోపం చేసుకుంటారు" అని నవ్వుతూ తన వెంట ఇరవై మందిని తీసుకుపోయాడు. మేజా దగ్గర ఆగి, "కూర వాసన మాత్రం బలే ఉంది అయ్యవారూ" అని కూడా అన్నాడు. నారపరెడ్డికి తాసిల్దారు కచ్చేరీలో పని తగిలింది.

నలభై మంది కూర్చున్నారు. పాలెం ఆడవాళ్లు, ప్రొద్దుటూరు మగ్గం పనివాళ్లు కొందరు, తురకల వీధి పిల్లోళ్లు కొందరు. నడుమ నడుమ ఖాళీ విస్తర్లు గాలికి లేస్తుంటే శేషయ్య మనిషి వచ్చి ఒక్కొక్కటే ఏరుకుని పోయాడు. మిగిలిన అన్నం సాయంత్రానికి పులిసింది.

సాయంత్రం నారపరెడ్డి వచ్చినప్పుడు ప్రకాశం అడిగాడు. "సార్, రేపు ఎంతమందికి వండమనాల?"

"నలభై మందికి వండించు."

"లెక్కలో?"

"లెక్కలో తొంభై. నలభై అని రాస్తే మిగతా యాభై మంది ఎందుకు తినలేదని అడుగుతారు. ఏమని చెప్తావు?" నారపరెడ్డి గొంతులో కోపం లేదు. పిల్లోడికి ఎక్కం చెప్పినట్టు చెప్పాడు. "అర్ధరూపాయిలు రెండు విడతలకు చాలవు గదా, మిగిలిన దుడ్లు లారీకి పనికొస్తాయిలే. మీవాళ్లు రెండో విడత దర్జాగా రావచ్చు."

ప్రకాశం తల ఊపాడు. తమ పక్కన కూర్చోనివాళ్ల కూటి డబ్బు తమ లారీకి వస్తుందన్నమాట. దాని గురించి ఇంకా కొంచెం ఆలోచించవలసి ఉందనిపించింది. కానీ ఆలోచన ముందుకు కదల్లేదు. డబ్బు సంచి మూతి బిగించి ఇంటికి పోయాడు.

రెండోరోజు నలభై మందికే వండారు. అందరూ తిన్నారు, ఏమీ మిగల్లేదు. ఆరోజు పొద్దు వాలేటప్పుడు సాంబిరెడ్డి పది పన్నెండు మందితో మేజా దగ్గరికి వచ్చాడు. ప్రకాశం లేచి నిలబడ్డాడు.

"కూర్చో అయ్యవారూ, కూర్చో. చిన్న సంగతి. మేము రెండు దినాలుగా ఈడ మెతుకు ముట్టలే. నువ్వే చూస్తాండావు."

"చూస్తాండా సార్."

"మరి ఆ రూపాయలు?"

ప్రకాశానికి మొదట అర్థం కాలేదు. "మొదటిరోజు మీకూ కలిపే వండినాము సార్."

"వండమని మేమేమన్నా చెప్పినామా? రేపు కొండమీదికి గూడా మా బావమరిది ఇంటినుంచి పులిహోర గంప వస్తాంది. మాకు మీ కూటితో పనేలేదు. యాభై మందిమి. మనిషికి ఒగ రూపాయి. సంఘం దుడ్లు సంఘానిది, మా దుడ్లు మాది. అంతే గదా?"

ఒకడు వెనక నుంచి, "అయ్యవారు లెక్కలో గట్టి, ఏలు మడిచేలోపల చెప్తాడు" అన్నాడు. నవ్వులు.

నారపరెడ్డి వసారాలో కుర్చీలో కూర్చుని అంతా వింటూనే ఉన్నాడు. ప్రకాశం అటు తిరిగి చూశాడు. ఆయన కళ్లజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నాడు.

"ఇచ్చెయ్ ప్రకాశం. తినని కూటికి దుడ్లు తీసుకునేది ధర్మం కాదు."

"ఇస్తే రెండో విడత లారీకి చాలవు సార్."

"ఒగ విడత పోతాం. యాభై మంది పడతారు గదా."

"ఆడవాళ్లు..."

"వాళ్లకు కొత్తనా ఆ కొండ? ఎండాకాలమంతా ఆడనే ఉన్న్యారు." కళ్లజోడు పెట్టుకున్నాడు. "వాళ్ల అర్ధరూపాయిలు గూడా వాపసు ఇచ్చెయ్. మనకు పక్షపాతం లేదు."

ప్రకాశం సంచి విప్పి ఒక్కొక్కరికీ రూపాయి ఇచ్చాడు. చేతికి ఇవ్వలేదు, మేజామీద పెట్టాడు. వాళ్లు మేజామీది నుంచి తీసుకున్నారు. అది ఎప్పుడూ జరిగే తీరే. ఆ పని ముగించి మౌలాలి దగ్గరికి పోయాడు. మౌలాలి లారీ కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. సంగతి విని బయటికి రాకుండానే మాట్లాడాడు.

"ఇదెక్కడి న్యాయం సారూ? పంక్తిలో కూకోనందుకు బక్షీసా?"

"ఒగ విడతకే దుడ్లుండాయి మౌలాలీ."

"లారీ నాదైతే ఊరికే ఎక్కించుకుందును, నా తల్లులని. సేటుది. ఆయప్ప పెట్రోలు పుల్లబెట్టి కొలుస్తాడు. దర్గాకు పోతే గూడా పుల్లే. పెండ్లాం దగ్గరికి పోయినా పుల్లే." నూనె చేతులతో బయటికి వచ్చి ప్రకాశం ముఖం చూశాడు. "నువ్వేమన్న్యావు వాళ్లను?"

"ఏమంటాను?"

"అదిలే," అని మళ్లీ లారీ కిందికి దూరాడు.

పాలెంలో గంగమ్మ ఉతికిన చీర తడకమీద ఆరేసి, అంచు ముడతలు చేత్తో సాపు చేస్తోంది. ప్రకాశం నిలబడే చెప్పాడు. వాపసు వచ్చిన లారీ అర్ధరూపాయిలు అరుగుమీద పెట్టాడు. గంగమ్మ వాటివైపు చూడలేదు. చీర అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా సాపు చేసి, మళ్లీ మొదటికి వచ్చింది.

"కూటికి తీసుకున్న రూపాయి వాపసు ఇచ్చినావా మాకు?"

"లేదు. మీరు తిన్నారు గదా."

"రేపు కొండమీద మాకు వంట ఉన్న్యట్టే గదా?"

"ఉండాది. నలభై మందికి. శేషయ్య గుండిగలు బండిమీద ఇప్పుడే పోయినాయి."

"అయితే మా కూడు ఆడుండాది. పోయి తిని వస్తాం."

"తొమ్మిది మైళ్లు అక్కా."

"తట్ట లేకుండా తొమ్మిది మైళ్లు నడకనా?" అంది గంగమ్మ. "పో, పోయి పండుకో. నీ మొగం చూస్తే పీనిగ మాదిరి ఉండావు."

పక్కింటి నుంచి తిరుపాలమ్మ గొంతు వినపడింది. "బాగైపాయ! నాకు కక్కొచ్చే బాధ తప్పింది!"

మూడోరోజు తెల్లవారి లారీ సత్రం ముందు నిలబడింది. యాభై మందీ తలలు దువ్వుకుని వచ్చారు. పులిహోర గంప మాత్రం రాలేదు. సాంబిరెడ్డి వీధి మలుపు దాకా పోయి చూసి వచ్చాడు. కాసేపటికి బావమరిది ఇంటి జీతగాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"రెడ్డీ, చిన్నకోడలికి కొడుకు పుట్టినాడు! గంప కట్టి పెట్టినాంక పుట్టినాడు. పురుడు గదా, ఆ ఇంటి వంట బయటికి పోగూడదని పెద్దమ్మ ఆపేసింది."

"ఒగ గడియ ఆగి పుట్టగూడదా ఆ నా కొడుకు!" అన్నాడు ఎవరో లారీ మీది నుంచి. అందరూ నవ్వారు. సాంబిరెడ్డి కూడా నవ్వాడు. "పోనీలే పాండి. శేషయ్య వండుతాన్నాడు గదా కొండమీద. ఆ లారీ లేనోళ్లు ఎట్లాగూ రారు. చేసేది బ్రాహ్మడు, తినేది మనం. ఇంకేం?"

ప్రకాశానికి ముందు, మౌలాలి పక్కన చోటు. అది డబ్బు సంచికి ఇచ్చిన చోటు. లారీ ఊరు దాటి, కొత్తగా వేసిన బాట ఎక్కింది. చక్రాల కింద గరుసు కరకరమంది. ఇది ఎవరు మోసిన మన్నో మౌలాలి అడగలేదు, ప్రకాశం చెప్పలేదు. కొంతదూరం పోయాక బాట పక్కన పాలెం ఆడవాళ్లు వరసగా నడుస్తూ కనిపించారు. చెప్పులు చేతిలో పట్టుకున్నారు, అరిగిపోతాయని. వాళ్ల వెనక మగ్గంవాళ్లు, తురకపిల్లోళ్లు. లారీ చప్పుడుకు బాట దిగి నిలబడ్డారు. మౌలాలి వేగం తగ్గించాడు. వెనక నుంచి ఎవరో తొట్టి రేకును దబదబ బాదారు.

"పోనీ! పోనీ! ఆపొద్దు!"

మౌలాలి ప్రకాశం వైపు చూశాడు. ప్రకాశం ఎదురుగా ఉన్న అద్దం చూస్తూ కూర్చున్నాడు. అద్దంమీద ఒక పురుగు చచ్చి అంటుకుని ఉంది. లారీ కదిలింది. ఎర్రటి దుమ్ము లేచి గంగమ్మ ఉతికిన చీర మీదా, తిరుపాలమ్మ నెత్తిమీదా పడింది. అతను వెనక్కి తిరగలేదు, అయినా తెలిసింది.

కోట లోపల పాత ధాన్యాగారం గోడ నీడలో శేషయ్య పొయ్యిలు పెట్టాడు. వచ్చినవాళ్లు కోటంతా తిరిగారు. మసీదు మినార్లు చూశారు, లోయ అంచుకు పోయి ఒకరినొకరు తోసినట్టు చేసి అరిచారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక్కొక్కరూ ధాన్యాగారం నీడకు చేరారు. కొండగాలికి ఆకలి ఎక్కువ. పప్పు పోపు పెట్టిన వాసనకు మాటలు తగ్గాయి.

సరిగ్గా అప్పుడే కోటవాకిట్లో నుంచి గంగమ్మా వాళ్లూ వచ్చారు. కాళ్లు మోకాళ్ల దాకా ఎర్రగా ఉన్నాయి. నేరుగా పోయి బండ దొనలోని వాననీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కున్నారు. విస్తరాకుల కట్ట దగ్గరికి పోయి తలా ఒకటి తీసుకుని, గోడ పొడుగునా వరసగా కూర్చున్నారు. మగ్గంవాళ్లూ, పిల్లోళ్లూ వాళ్ల పక్కన కూర్చున్నారు. నీళ్లు చల్లి విస్తర్లు తుడుచుకున్నారు.

యాభై మంది నిలబడి చూశారు.

శేషయ్య గుండిగ మూత తీసి లోపలికి చూసి, ప్రకాశం దగ్గరికి వచ్చాడు. "నలభైకే పోశాను బియ్యం. మీరు చెప్పిన లెక్కే. ఇప్పుడు ఎవరికి పెట్టమంటారు?"

నారపరెడ్డి ప్రకాశాన్ని గోడ వెనక్కి తీసుకుపోయాడు. ఈసారి భుజంమీద చెయ్యి వేశాడు. అంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదు.

"ప్రకాశం, పెద్దపెద్దవాళ్లు ఆకలితో నిలబడి ఉన్న్యారు. మీ అక్కావాళ్లను ఒగ గడియ లేచి పక్కన కూకోమను. ముందు వీళ్లది కానీ. మిగిలింది వాళ్లు తింటారు."

మిగలదని ఇద్దరికీ తెలుసు.

"నువ్వు చెప్తేనే మర్యాదగా ఉంటాది. మేము చెప్తే బాగుండదు."

"అట్నే సార్" అన్నాడు ప్రకాశం.

వరస దగ్గరికి నడిచాడు. ఈ కొసన గంగమ్మ కూర్చుంది. విస్తరి అంచు ఎగరకుండా ఒక రాయి పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. తలెత్తి తమ్ముణ్ణి చూసింది. అతను ఎందుకు వచ్చాడో ఆమెకు తెలిసింది. లేవలేదు. లేవనని కూడా అనలేదు. చెప్పు, వింటాను, అన్నట్టు చూసింది.

చెప్పవలసిన మాట ప్రకాశం నోట్లోనే ఉంది. లేయండక్కా, ఒగ గడియ. అంతే. రోజూ బడిలో పిల్లల్ని లేపుతాడు, కూర్చోబెడతాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. కోపం లేదు, ఏడుపు లేదు. చేదలో నీళ్లు లేనట్టు ఉంది లోపల. వంగి కట్టలో నుంచి ఒక విస్తరి తీసుకుని, గంగమ్మ పక్కన కూర్చున్నాడు.

ముందటి రెండు దినాలూ అతను వరసలో కూర్చోలేదు. ఇంటికి పోయే తినివచ్చేవాడు.

"నీళ్లు చల్లుకో" అంది గంగమ్మ, చెంబు జరిపి.

శేషయ్య అన్నం గంప పట్టుకుని నిలబడ్డాడు. "అయ్యవారూ, ఎట్లా వడ్డించమంటారు?"

"ఈ కొస నుంచి వరసగా రా" అన్నాడు ప్రకాశం. "కూర్చున్నోళ్లకు పెట్టు. నిలబడినోళ్లు కూర్చుంటే వాళ్లకూ పెట్టు."

గోడ వెనక నుంచి వచ్చిన నారపరెడ్డి అది విన్నాడు. ఎవరూ కదల్లేదు. శేషయ్య గరిటె ప్రకాశం విస్తరిలో పడింది, గంగమ్మ విస్తరిలో పడింది. వేడి అన్నం ఆవిరి లేచింది. గరిటె మూడో విస్తరికి వచ్చేసరికి, నిలబడి ఉన్న సాంబిరెడ్డి తలగుడ్డ తీసి దులిపాడు.

"ఇది ఊరు కాదులేప్పా, కొండ," అన్నాడు ఎవరితోనో. "కొండమీద ఏముండాది?"

వరసలో అవతలి కొసన, కొంచెం ఎడంగా, కొంచెం పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే పులివెందుల జట్టు కూర్చుంది. తర్వాత మిగతావాళ్లు. ఆఖరున నారపరెడ్డి. నలభై మంది కూడు తొంభై విస్తర్లలో పడింది. తలా ఒక గరిటె అన్నం, దానిమీద తడి తగిలినంత పప్పు. మజ్జిగ సగం వరసలోనే అయిపోయింది. ఎవరికీ కడుపు నిండలేదు.

"బాటలో నడిచి వచ్చింది మేము," అంది తిరుపాలమ్మ విస్తరి మడుస్తూ, అందరికీ వినపడేటట్టు. "లారీలో కూకోని వచ్చినోళ్లకు ఇంత ఆకలేంది తల్లీ!"

ఒకరిద్దరు నవ్వారు. సాంబిరెడ్డి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

నారపరెడ్డి మాత్రం చెయ్యి ఆరకముందే రాతిమీదికెక్కి మాట్లాడాడు. ఈ పంక్తి ఈ జిల్లాలో నిలిచిపోతుందన్నాడు. సంఘం పెట్టినందుకు ఈరోజు ఫలితం కనపడిందన్నాడు. చప్పట్లు కొట్టారు. మౌలాలి లారీ హారను మోత పెట్టాడు. పొద్దు వాలకముందే సేటుకు బండి అప్పజెప్పాలి. యాభై మంది ఎక్కారు. వాళ్లు కోట చూడటం అయిపోయింది. పాలెంవాళ్లు కోటలోకి వచ్చి కాళ్లు కడుక్కున్నారు, తిన్నారు. అంతవరకే.

"సారూ, ఎక్కు" అన్నాడు మౌలాలి తలుపు తీసిపట్టి.

ప్రకాశం తలుపు దాకా వచ్చాడు. డబ్బు సంచి నారపరెడ్డి చేతికి అందించాడు. మేజా లేదు కాబట్టి చేతికే అందించాడు. నారపరెడ్డి చెయ్యి చాపి తీసుకున్నాడు.

"ఏం ప్రకాశం, నువ్వు రావా?"

"రాను సార్."

"నడిచి వస్తావా?"

'అట్నే సార్' అని అలవాటుగా నోటికి వచ్చింది గానీ, ఆ ప్రశ్నకు అది కుదరలేదు. మౌలాలి తలుపు వేసి, బయటికి చెయ్యి పెట్టి తలుపుమీద రెండుసార్లు తట్టి, పోయాడు.

దుమ్ము అణిగాక ఆడవాళ్లు లేచారు. రాళ్లు పట్టుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటూ లోయ అంచుకు పోయారు. ఎర్రటి బండలు రెండువైపులా నిలువుగా తెగి ఉన్నాయి. అడుగున పెన్నేరు సన్నగా, ఆరేసిన గుడ్డపేలిక మాదిరి కనిపిస్తోంది. అందరూ చూశారు. ఎవరూ అరవలేదు. తిరుపాలమ్మ కింద కూర్చుని, పాకుతూ అంచుదాకా పోయి, తొంగిచూసి వెనక్కి వచ్చింది.

గంగమ్మ శానాసేపు నిలబడింది. గాలికి చీర అంచు కొట్టుకుంటోంది. దానిమీది దుమ్ము ఇంకా పోలేదు.

"ఇంతేనా అబ్బీ?" అంది.

"ఇంతే."

"బండలు, నీళ్లు."

"ఆఁ."

"ఇంతదానికా మనల్ని వద్దన్న్యారు?"

గంగమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"పాండి మే," అంది ఆడవాళ్లతో. "తొమ్మిది మైళ్లుండాది. ఇంటికి పోయి సంకటి కెలకాల, కడుపులో ఏమీ లేదు."

తిరుపాలమ్మ లేవడానికి చెయ్యి చాపింది. ప్రకాశం వంగి ఆ చెయ్యి పట్టుకుని లేపాడు. అందరూ బాట పట్టారు. తాము మన్ను మోసిన బాట మొదలయ్యే మలుపు దాటేదాకా ఎవరూ చెప్పులు వేసుకోలేదు.